శంఖం సంగతి సరే, చెవి సంగతేంటి?

పోయిన నెల ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. కొత్త ఫ్లాట్‌లోకి మారుతున్నాడు, హాల్లో హోమ్ థియేటర్ పెట్టిద్దామని. "డెనాన్ తీసుకోమంటావా, యమహా తీసుకోమంటావా? ఒక్క ముక్కలో చెప్పు," అన్నాడు. నేను, "హాలు పొడవెంత? కింద టైల్సా? ఇంట్లో ఎవరెవరు కూర్చుని చూస్తారు?" అని అడిగా. అటువైపు కాసేపు చప్పుడు లేదు. "తెలీకపోతే తెలీదని చెప్పరా బాబూ," అని పెట్టేశాడు.

తెలుసు. గొడవంతా అక్కడే. రెండేళ్ళ క్రితం వాడి స్థానంలో నేనున్నాను. రిసీవర్ కొనడానికి నేను చేసిన ఎక్సెల్ షీట్‌లో 14 మోడళ్ళు, 31 కాలమ్‌లు ఉండేవి. ఆఫీసులో ఏ డిజైన్ డాక్యుమెంటుకీ అంత కష్టపడలేదు. ఆ షీట్ ఇప్పటికీ దాచుకున్నా, నా తెలివితక్కువతనానికి నా దగ్గరున్న ఏకైక లిఖితపూర్వక ఆధారం కాబట్టి. అందులో వాట్లున్నాయి, చానెళ్ళున్నాయి, డిస్టార్షన్ రెండో దశాంశం దాకా ఉంది. వినే మనిషికి మాత్రం ఒక్క కాలమ్ లేదు.

రిసీవర్ అంటే తెలియనివాళ్ళ కోసం: టీవీకీ స్పీకర్లకీ మధ్య కూర్చునే నల్ల పెట్టె. ఓటీటీ నుంచో, డిస్కు నుంచో వచ్చే శబ్దాన్ని విప్పి, ఎవరి వాటా వాళ్ళకి పంచి, ఆంప్లిఫై చేసి స్పీకర్లకి పంపుతుంది. అంతే దాని పని. ఆ పని ఇవాళ ఒక మోస్తరు ధరలో దొరికే పేరున్న పెట్టెలన్నీ బాగానే చేస్తాయి. ఇది నా వాదనలో మొదటి సగం, దీనికే చాలామందికి కోపం వస్తుంది. రెండో సగం ఇంకా అధ్వాన్నం: ఆ పెట్టెల్ని పోల్చే పద్ధతి మనకి వినడం నేర్పడం మానేసి, ఎవరి కోసం కొంటున్నామో మర్చిపోవడం నేర్పుతోంది.

ముందు వాట్లు. మా తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు టేప్ రికార్డర్ల మీద బంగారు రంగు స్టిక్కర్లుండేవి. అరచేతిలో పట్టే స్పీకరు, దాని మీద 1000 వాట్స్ పీఎంపీఓ. అది గోడలో ప్లగ్గుకి పెట్టిన సెట్టు, గోడ నుంచి తీసుకునేదే అందులో పదో వంతు ఉండదు. మరి మిగతాది ఎక్కడ నుంచి వచ్చింది? స్టిక్కరు నుంచి. పీఎంపీఓకి అందరూ ఒప్పుకున్న నిర్వచనమంటూ ఏదీ లేదు. అమెరికాలో ఇలాంటి గొప్పలు భరించలేక ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఆంప్లిఫయర్ల వాట్ల ప్రకటనలకి ఒక నియమం పెట్టింది. మళ్ళీ 2024లో దాన్ని బిగించి, కొలిస్తే 8 ఓమ్స్ లోడ్ మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 1 శాతం లోపు డిస్టార్షన్‌తో కొలిచి చెప్పండి అంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా బిగించాల్సి వచ్చిందంటే వ్యవహారం ఎలా ఉందో చూడండి.

ఇప్పటి బ్రోషర్లలో పీఎంపీఓ లేదు, దాని మనవడు ఉన్నాడు. పెద్దక్షరాల్లో 150 వాట్లు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో: 6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, 1 చానెల్. అంటే ఏడు స్పీకర్లు నడపాల్సిన పెట్టెకి ఒక్క స్పీకరే తగిలించి, ఒక్క స్వరమే వాయించి, ఆ స్వరం చెడిపోయేదాకా తిప్పితే వచ్చిన అంకె. అదే పెట్టెని రెండు చానెళ్ళతో పద్ధతిగా కొలిస్తే 80 వస్తుంది. ఏడూ ఒకేసారి నడిపితే ఇంకా తగ్గుతుంది. అబద్ధం కాదు, అడుగున రాశారుగా! నిజాన్ని చదవడానికి వీల్లేని సైజులో అచ్చేయడం ఒక కళ.

సరే, పద్ధతిగా కొలిచిన అంకెలే చూద్దాం. నా షీట్‌లో ఆఖరికి మిగిలిన రెండు మోడళ్ళలో ఒకటి 80 వాట్లు, ఇంకోటి 100. తేడా ఇరవై వాట్లు, రూపాయల్లో పాతిక వేలు. చెవికి ఎంత? పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. 80 నుంచి 100కి పెరిగేది ఒక డెసిబెల్ కూడా ఉండదు. ఒక్క డెసిబెల్ తేడాని పక్కపక్కన పెట్టి వినిపిస్తే, మనసు పెట్టి వింటే, ఏమో ఉందేమో అనిపిస్తుంది. అసలు మనం మామూలుగా వాడేదెంత? ఒక వాటుకి మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే సాదా స్పీకరు ముందు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే, ఇద్దరు మనుషులు మాట్లాడుకునేంత శబ్దానికి వాటులో ముప్ఫయ్యో వంతు సరిపోతుంది. బాంబులు పేలినప్పుడు పదులు కావాలి, కాదనను. పెద్ద హాలుంటే, 4 ఓమ్స్ మొండి స్పీకర్లుంటే వందలు కావాలి, అదీ కాదనను. కానీ నిజాంపేటలో అద్దె ఫ్లాట్ హాలు, 17 అడుగులు ఇంటూ 11. పక్కింటివాళ్ళకి చంటిపిల్ల. నాకు వందో వాటు దాకా వెళ్ళే యోగం ఈ జన్మలో లేదు.

నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. లాగరిథం అంటే ఏంటో తెలియకుండా పాస్ కాలేదు. అయినా పాతిక వేలు పెట్టి ఒక డెసిబెల్ కొన్నాను. ఎందుకంటే షీట్‌లో ఆ గడి ఆకుపచ్చగా మారింది.

తర్వాత చానెళ్ళు. 5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. 7.2 అంటే ఏడు, రెండు. అట్మాస్ వచ్చాక మూడో అంకె చేరింది, పైకప్పు స్పీకర్లది. డాల్బీ అట్మాస్ థియేటర్లలోకి 2012లో వచ్చింది, ఇళ్ళలోకి 2014లో. ఇది మోసం అనను. బాగా చేసిన మిక్స్‌ని బాగా కట్టిన గదిలో వింటే నెత్తి మీద వాన పడుతుంది నిజంగానే. మా నాన్న 1986లో సింహాసనం చూడటానికి తెనాలి నుంచి పనిగట్టుకుని విజయవాడ వెళ్ళారట, తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా, ఆరు ట్రాకుల స్టీరియో శబ్దం అని. గుర్రాలు హాల్లో ఈ పక్క నుంచి ఆ పక్కకి పరుగెత్తాయని ఇప్పటికీ చేత్తో చూపిస్తూ చెబుతారు. శబ్దం కదలడం గొప్ప సంగతే. దాన్ని చూసి మురిసిపోయే మనసు నాకు వంశపారంపర్యంగా వచ్చిందే.

కానీ ఏ సినిమా అయినా తీసుకోండి. అందులో మనుషులు మాట్లాడే మాట దాదాపు మొత్తం ఒక్క స్పీకర్లోంచి వస్తుంది: మధ్యది, సెంటర్. అట్మాస్ అయినా అంతే, 5.1 అయినా అంతే. కథ అక్కడుంది. తండ్రి కొడుకుని తిట్టేది అక్కడ, ఆమె వద్దనేది అక్కడ, హంతకుడి పేరు బయటపడేది అక్కడ. మిగతా ఆరూ ఎనిమిదీ గాలి, వాన, గుర్రాలు. మరి పోలిక పట్టికల్లో సెంటర్‌కి ఎంత చోటుంది? ఏమీ లేదు. అన్ని పెట్టెల్లోనూ సెంటర్ ఒకటే కాబట్టి అక్కడ పోల్చడానికి ఏమీ లేదు, పోల్చడానికి లేనిదాని గురించి ఎవరూ రాయరు. ఇలా అసలైన విషయం, అందరి దగ్గరా ఉందన్న ఒకే ఒక్క నేరానికి, చర్చలోంచి మాయమైపోయింది.

నేను సెంటర్ స్పీకర్‌ని టీవీ స్టాండులో కింది అరలో, సెట్‌టాప్ బాక్స్ పక్కన దోపాను. మిగిలిన డబ్బులు పెట్టి సీలింగ్‌కి రెండు స్పీకర్లు బిగించాను.

బ్రాండ్ల యుద్ధం సంగతి కూడా ఒకటి చెప్పాలి, సరదాగా ఉంటుంది కాబట్టి. డెనాన్ వాళ్ళూ మరాంట్జ్ వాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం మీరు చూసే ఉంటారు. ఒకటి కండ, ఒకటి కవిత్వం అని. ఆ రెండూ 2002 నుంచి ఒకే ఇంటి పిల్లలు. ఆ ఇల్లు చేతులు మారుతూ మారుతూ 2025లో హార్మన్ కిందికి, అంటే శాంసంగ్ కిందికి వచ్చింది. పయనీర్ వాళ్ళ హోమ్ ఆడియో వ్యాపారం 2015లో ఆంక్యో చేతికి పోయింది. ఆ ఆంక్యో హోమ్ ఎంటర్‌టైన్‌మెంట్ 2022లో దివాలా తీసింది, పేరు మాత్రం వేరేవాళ్ళ దగ్గర బతికుంది. తోటికోడళ్ళ గొడవలో ఊరు రెండుగా చీలినట్టుంది. అత్తగారు ఇద్దరి దగ్గరా డబ్బులు తీసుకుంటోంది.

ఈ యుద్ధంలో రెండో పక్షం మనవాళ్ళే, అంటే సాహిత్యం చదివేవాళ్ళు. వీళ్ళు అంకెల్ని అసహ్యించుకుంటారు. "మరాంట్జ్‌లో ఒక వెచ్చదనం ఉంటుంది", "అది కొలవడానికి కుదరదు", "దానికొక ఆత్మ ఉంది". ఈ మాటలు ఎక్కడో విన్నట్టు లేదూ? పుస్తకం గురించి ఏం చెప్పాలో తెలియనప్పుడు "అనుభూతి చెందాలి తప్ప వివరించలేం" అని ఒక వాక్యం పడేస్తామే, అది ఇదే. అంకెలవాళ్ళు తప్పు వస్తువుని కొలుస్తున్నారు. వెచ్చదనంవాళ్ళు ఏమీ కొలవకుండానే తీర్పు చెబుతున్నారు. నాకు మొదటివాళ్ళంటే జాలి, రెండోవాళ్ళంటే చిరాకు.

చిరాకు ఊరికే కాదు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ హార్మన్‌లోనే ఒక ప్రయోగం చేశారు. అక్కడి ఉద్యోగుల్ని కూర్చోబెట్టి అవే స్పీకర్లని ఒకసారి తెర వెనక పెట్టి వినిపించారు, ఒకసారి కళ్ళ ముందు పెట్టి వినిపించారు. తెర తీయగానే మార్కులు మారిపోయాయి. పెద్దగా, ఖరీదుగా కనిపించేవాటికి పెరిగాయి, చిన్న ప్లాస్టిక్ వాటికి తగ్గాయి. అవే చెవులు, అదే శబ్దం. వాళ్ళు రోజూ ఆ పనిలోనే ఉండేవాళ్ళు, మనలాంటి దారినపోయేవాళ్ళు కాదు. స్పీకర్లంటే ఒకదానికొకటి నిజంగా తేడా ఉంటుంది. ఆ తేడానే కళ్ళు మార్చేస్తే, రిసీవర్ల మధ్య ఉండే నూలుపోగంత తేడాలో ఆత్మలు కనిపించడం వింతేం కాదు. షోరూముల్లో ఇంకో చిట్కా ఉంది: అమ్మదలుచుకున్నదాన్ని ఒక్క పిసరు ఎక్కువ సౌండులో పెడతారు. కొంచెం ఎక్కువ సౌండు మన చెవికి కొంచెం మంచి సౌండులా తోస్తుంది. నేను వెళ్ళిన షోరూములో కార్లు గాల్లోకి లేచే సీను వేశారు. ఇద్దరు మనుషులు వంటింట్లో మెల్లగా మాట్లాడుకునే సీను వేయమని అడగాలని నాకూ తోచలేదు.

ఇక ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను.

మా నాన్న తెనాలి ఆర్టీసీ డిపోలో ఇరవై ఎనిమిదేళ్ళు మెకానిక్. రిటైరయ్యాక అమ్మా ఆయనా మా దగ్గరికి వచ్చారు. పెట్టె బిగించిన మొదటి శనివారం అందరం కూర్చుని సినిమా పెట్టాం. పదిహేను నిమిషాలకి నాన్న, "ఎవర్రా చచ్చింది?" అన్నారు. ఎవరూ చావలేదు. "మీ అన్నయ్య వచ్చాడు" అంది తెర మీద అమ్మాయి. మేమంతా నవ్వాం, నాన్న కూడా నవ్వారు. కాసేపటికి మళ్ళీ ఏదో అడిగారు, అమ్మ విసుక్కుంది. తర్వాత అడగడం మానేశారు. నేను సౌండు పెంచాను. ఫైటు రాగానే నాన్న రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని, "తగ్గించరా, చెవులు పగిలిపోతున్నాయి," అన్నారు. తగ్గించాను. మాటలు పోయాయి. ఇంటర్వెల్ దాకా ఉండి, నిద్రొస్తోందని లేచి వెళ్ళారు. తర్వాతి శనివారం భోజనం కాగానే పడుకున్నారు. ఆ తర్వాత పిలవడం మేమే మానేశాం.

నేనేం చేశానో తెలుసా? ఇంకా మంచి రిసీవర్ కొనాల్సిందేమోనని షీట్ మళ్ళీ తెరిచాను.

చెవుల పరీక్షకి తీసుకెళ్ళింది ఆర్నెల్ల తర్వాత, అదీ అమ్మ పోరు పడలేక. ఆడియాలజిస్టు ఒక కాగితం చేతిలో పెట్టింది. అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా డెసిబెల్స్. ఇలాంటి గ్రాఫుల్ని ఏడాదిగా రోజూ చూస్తున్నవాణ్ణి, అర్థం చేసుకోవడానికి నాకు అర నిమిషం పట్టలేదు. కింది ఫ్రీక్వెన్సీల్లో ఫరవాలేదు. 2000 హెర్ట్జ్ దాటాక గీత కొండ మీంచి రాయి దొర్లినట్టు పడిపోయింది. 4000 దగ్గర 60 డెసిబెల్స్ పోయాయి. వయసొకటి, డిపోలో ఇంజన్ల మోత ఒకటి.

నా పెట్టె గ్రాఫు 20 నుంచి 20 వేల దాకా గీసిన గీతలా ఉంటుంది, అర డెసిబెల్ అటూ ఇటూ. ఆ అర డెసిబెల్ కోసం నేను రాత్రుళ్ళు మేలుకున్నాను. నా సోఫాకి నాలుగడుగుల దూరంలో కూర్చున్న మనిషికి 60 డెసిబెల్స్ లేవు.

ఆవిడే ఇంకో సంగతి చెప్పింది, తెలుగు చదువుకునేవాళ్ళు వినాల్సింది. మాటలో బలం, మోత అచ్చులది. తేడా చెప్పేవి హల్లులు. అందులోనూ చ, స, శ, త లాంటివాటి గుట్టంతా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, వయసొస్తే మొదట పోయేది అక్కడే. మనది అచ్చులతో ముగిసే భాషని, సంగీతంలా ఉంటుందని మురిసిపోతాం కదా. నాన్నకి ఆ సంగీతం మొత్తం వినపడుతోంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుసు, కోపంగానో ప్రేమగానో మాట్లాడుతున్నారనీ తెలుసు. వచ్చాడో చచ్చాడో తెలియదు. అందుకే సౌండు పెంచినా లాభం లేదు. ఇలాంటి చెవికి మెల్లటి శబ్దం అసలే వినపడదు, గట్టి శబ్దం మనకెంత గట్టిగా ఉంటుందో అంతే గట్టిగా గుచ్చుకుంటుంది. మధ్యలో ఉండాల్సిన మెట్లు పోయాయి. ఇక మా పెట్టె గొప్పదనమేమో డైనమిక్ రేంజ్, అంటే గుసగుసకీ బాంబుకీ మధ్య వీలైనంత దూరం. దాన్ని మెచ్చుకోని రివ్యూ నేను చదవలేదు. నేను డబ్బులిచ్చి కొన్నది సరిగ్గా మా నాన్నని గదిలోంచి వెళ్ళగొట్టిన గుణాన్నే.

ఇంకా ఉంది. ఈ పెట్టెలన్నిటితో ఒక చిన్న మైకు ఇస్తారు. దాన్ని మనం కూర్చునే చోట పెట్టి కొలిస్తే, గదిని బట్టి శబ్దాన్ని సర్దుకుంటాయి. ఆడిసీ, వైపావో, డిరాక్ అని రకరకాల పేర్లు. నిజానికి ఇదొక్కటే పోల్చి చూడదగ్గ విషయం, ఎందుకంటే మన గదులు దారుణంగా ఉంటాయి. మా హాలు పొడవుకి 33 హెర్ట్జ్ దగ్గర, వెడల్పుకి 51 దగ్గర గది తనంతట తానే బుయ్యిమంటుంది. గోడలు నున్నగా, నేల టైల్స్, చెప్పిన ప్రతి మాటా రెండు మూడుసార్లు తగిలి తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. అందుకే మంచి కరెక్షన్ ఉన్న మోడలే కొన్నాను. చెప్పినట్టే ఎనిమిది చోట్ల మైకు పెట్టి, ఫ్యాను కట్టేసి, అందర్నీ బెడ్‌రూములోకి పంపి, ఊపిరి బిగబట్టి కొలిచాను. ఆ ఎనిమిది చోట్లూ నా సీటు చుట్టూ ఉన్నాయి. నాన్న కూర్చునేది బాల్కనీ తలుపు పక్కన నీల్‌కమల్ కుర్చీలో. నడుం నొప్పికి సోఫా పడదు ఆయనకి. అక్కడ నేను ఒక్కసారి కూడా మైకు పెట్టలేదు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని మనకో సామెత. నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం లేదు దాన్ని వాడటం, ఇప్పుడు కారణం కూడా దొరికింది. తప్పంతా వినేవాడి మీద తోసేసి ఊదేవాణ్ణి పండితుణ్ణి చేస్తుంది. ముందున్నవాడికి వినపడుతోందో లేదో చూసుకోకుండా ఊదుతున్నవాణ్ణి ఏమనాలో సామెత చెప్పదు. మన రివ్యూలు చేస్తున్నది అదే పని: శంఖం బరువు, శంఖం పొడవు, కిందటి ఏడాది శంఖం కంటే ఇందులో ఎన్ని చుట్లు ఎక్కువ.

దీనికి రాబోయే జవాబులు నాకు తెలుసు. "మీ నాన్నగారి ఇబ్బందికి రిసీవర్ ఏం చేస్తుంది? అది డాక్టరు చూసుకోవాల్సిన విషయం." అవును. కానీ మన దేశంలో మూడు తరాలు ఒకే హాల్లో ఒకే తెర ముందు కూర్చుంటాయి. అందులో ఒకళ్ళకైనా చెవి తగ్గి ఉండటం అరుదేం కాదు. రివ్యూలు రాసేవాళ్ళ ఊహలో వినేవాడెప్పుడూ ఒంటరి మగాడు, పాతికేళ్ళ చెవులు, తలుపు మూసిన గది, సరిగ్గా మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. ఆ మనిషి మా ఇంట్లో లేడు. మీ ఇంట్లో ఉన్నాడా?

"అయితే సౌండ్‌బార్ చాలంటావా?" అననూ అనను. అది ఇంకో పెట్టె, ఇంకో పోలిక పట్టిక. "ఫీచర్లు అక్కర్లేదా మరి?" అక్కరే. 2020లో హెచ్‌డీఎమ్‌ఐ 2.1 అని గొప్పగా వచ్చిన కొన్ని జపాన్ రిసీవర్లలో చిప్పు లోపం వల్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పెట్టి సెకనుకి 120 ఫ్రేముల 4కె ఆడబోతే తెర నల్లబడింది. గేములు ఆడే పిల్లలుంటే ఇలాంటివి చూసుకునే కొనాలి. మీ ఊళ్ళో సర్వీస్ సెంటర్ ఉందా అని చూసుకోవాలి. పెట్టె కాలితే బోర్డు కోసం మూడు నెలలు తిప్పించుకుంటారు, అనుభవం మీద చెబుతున్నా, కంపెనీ పేరెందుకులే. గాలి ఆడే అర ఉందా, కరెంటు హెచ్చుతగ్గులకి ఏం చేస్తారు, ఇవన్నీ అసలైన ప్రశ్నలే. ఇవి అయ్యాక డెనానా యమహానా అంటే, షాపువాడు ఏది తక్కువకిస్తే అది. అందుకే స్నేహితుడికి పేరు చెప్పలేదు.

రివ్యూ రాసేవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. ఏ గదిలో విన్నావు, పక్కన ఎవరున్నారు, ఎంత సౌండులో పెట్టావు, ఏ సీనులో ఏ మాట అర్థం కాలేదు, అది రాయి. పుస్తకాల రివ్యూలకి కూడా ఇదే అడుగుతాను, ఆ గొడవ ఇంకోసారి. పేజీలెన్ని, కథలెన్ని, ముందుమాట ఎవరిది, ఐదుకి ఎన్ని చుక్కలు అన్నవి పుస్తకం చేతిలో పట్టుకోకుండా కూడా చెప్పొచ్చు.

మా ఇంట్లో తర్వాత జరిగిన మార్పులకి పెద్దగా ఖర్చు కాలేదు, నాకదే కడుపుమంట. సెంటర్ స్పీకర్‌ని కింది అరలోంచి తీసి టీవీ కిందే, అంచు దాకా జరిపి, రెండు రబ్బరు ముక్కలతో మొహం కొంచెం పైకెత్తాను. దాని ఒక్కదాని లెవెల్ 4 డెసిబెల్స్ పెంచాను. రిమోట్‌లో నైట్ మోడ్ అని ఒకటుంటుంది, గట్టి శబ్దాల్ని కిందికి నొక్కి మెల్లటివాటిని పైకి లేపుతుంది. మనలో ఆడియో తెలిసినవాళ్ళు దాన్ని ముట్టుకుంటే మైలపడతారు. మా ఇంట్లో పగలు కూడా నైట్ మోడే. నేల మీద ఒక లావుపాటి జంపఖానా, బాల్కనీ తలుపుకి బరువైన కర్టెన్. మైకు కొలత మళ్ళీ మొదటి నుంచి, ఈసారి మొదలు నీల్‌కమల్ కుర్చీ దగ్గర. నా సోఫాలో బేస్ ఇప్పుడు కొంచెం ముద్దగా ఉంది. ఉండనీ.

ఓటీటీవాళ్ళు తెలుగు సినిమాలకి తెలుగు సబ్‌టైటిల్స్ ఇచ్చి ఉంటే ఇందులో సగం అవసరం ఉండేది కాదు. నాన్న పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతారు. తెలుగు సినిమాకి మాకు దొరికేది ఎప్పుడు చూసినా ఇంగ్లీషు సబ్‌టైటిలే. ఎవరి కోసమో! 60 డెసిబెల్స్ లోటుని ఒక్క వరస అక్షరాలు తీర్చేవి. దాని గురించి నిలదీసే రివ్యూ మాత్రం నా కంటపడలేదు.

వినికిడి మిషన్లు రెండు చెవులకీ తీసుకున్నాం. ఆయన ఒకటే పెట్టుకుంటారు, అదీ శనివారాలే. రెండూ పెట్టుకోమంటే, "మీ అమ్మ మాటలు కూడా వినపడతాయిరా," అంటారు. మొన్న సినిమా మధ్యలో నాన్న ఒక్కరే నవ్వారు. జోకు ఏమైందో నేను పట్టుకోలేదు, ఫోన్ చూసుకుంటున్నా. "ఏమన్నాడు నాన్నా?" అని అడిగితే, "విను," అన్నారు.

సీలింగ్ స్పీకర్లు అమ్మేశాను. స్క్రూలకి కొట్టించిన కన్నాలు నాలుగు అలాగే ఉన్నాయి. ఓనరుకి ఇంకా చెప్పలేదు.